నాలుగు మీటర్ల కూలీ ఇంటికి వారసత్వ హోదా ఎందుకు?

ఇరుకింటి_ఇల్లాలు (సిడ్నీ)
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు.

నిరుడు సిడ్నీ నడిబొడ్డుకు దగ్గర్లో ఒక పాత టెరేస్ ఇల్లు కొన్నాం. టెరేస్ అంటే మన డాబా కాదు. గోడకు గోడ ఆనుకుని వరుసగా కట్టిన ఇళ్లను ఇక్కడ అలా అంటారు. మాది ఏడిళ్ల వరుసలో నాలుగోది. ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు మీటర్లు. కింద ముందు గది, వెనక గది, ఆ వెనక వంటిల్లు, పైన రెండు పడక గదులు. 1880ల నాటిది. అప్పట్లో రైల్వే వర్క్‌షాపు కూలీలు అద్దెకు ఉండేవారట. అత్తయ్యగారు వీడియోలో చూసి, "అంత అప్పు చేసి రైలుపెట్టె కొన్నారా అమ్మాయ్?" అన్నారు.

ముందు వైపు కిటికీలు పాడయ్యాయి. పైకీ కిందికీ జరిపే చెక్క కిటికీలు. ఒకటి బిగుసుకుపోయింది, రెండోది గాలి వీస్తే రాత్రంతా దడదడలాడుతుంది. అల్యూమినియంవి పెట్టించుకుంటామని దరఖాస్తు చేస్తే కుదరదన్నారు. మా వీధి మొత్తం వారసత్వ పరిరక్షణ ప్రాంతమట. మా ఊళ్లో వారసత్వం అంటే గుడి, కోట, మహా అయితే జమీందారు గారి మేడ. ఇక్కడ ఒక్క శిల్పం లేదు, చెక్కిన స్తంభం లేదు. కూలీవాళ్ల అద్దె ఇంట్లో ఏముందని కాపాడుతున్నారు?

ఇంకో బాధ. ముందు గది గోడ కింద మూడడుగుల మేర పెచ్చులు ఊడుతోంది. మూడుసార్లు రంగు వేయించాం, మూడుసార్లూ ఊడింది.

బ్లాక్‌టౌన్_బాబాయ్
అమ్మా, ధర బాగా వచ్చినప్పుడే అమ్మేసి మా వైపు వచ్చేయండి. అదే డబ్బుకు నాలుగు పడక గదులు, రెండు కార్ల షెడ్డు, తులసి కోటకు పెరడు, కూతవేటు దూరంలో కరివేపాకు. నడిమిల్లు అన్నారు కాబట్టి రెండు పక్కలా కిటికీలు ఉండవు. వాస్తు సంగతి ఇక నేను మాట్లాడను.

పాత_ఇటుక
బాబాయ్ గారి సలహా బాబాయ్ గారికి. మీరు అడిగినది మంచి ప్రశ్న, కాస్త విపులంగానే చెబుతాను.

ముందు మీ ఇంటి గోడ చూడండి. పక్కింటికీ మీకూ మధ్య ఉన్న ఉమ్మడి గోడ చాలా వరుసల్లో కప్పు దాటి పైకి లేచి ఉంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు. 1837లో సిడ్నీలో భవనాల చట్టం వచ్చింది. లండన్ చట్టాన్ని చూసి రాసుకున్నది. ఒక ఇంట్లో నిప్పు రాజుకుంటే వరుస మొత్తం అంటుకోకుండా ఇటుక గోడ కప్పు మీదికి రావాలని అందులో నియమం. ఇంటికింత వెడల్పు అని నేల ముక్కలు చేసి, ఒకే నమూనాలో వరసగా కట్టి, వారం వారం అద్దె వసూలు చేసుకునేవారు. అంతా లెక్క ప్రకారం. 1890ల ఆర్థిక మాంద్యం దాకా ఈ కట్టుడు జోరుగా సాగింది.

ఇక ఇంటి వెనక సందు. ఇప్పుడు అందులో చెత్త డబ్బాలు పెట్టుకుంటున్నారు కదా. ఆ సందు ఎందుకు పుట్టిందంటే, పెరటి చివర పాకీదొడ్డి ఉండేది. రాత్రిళ్లు బండి ఆ సందులో వచ్చి డబ్బా మార్చుకుని పోయేది. మన ఊళ్లలో ఆ పని ఎవరి నెత్తిన పెట్టామో నేను చెప్పక్కర్లేదు. నగరం ఎలా బతికిందో రాజభవనం కంటే ఆ సందే నిజాయతీగా చెబుతుంది.

వీలైతే ఒక ఆదివారం రేవు పక్కనున్న ది రాక్స్ పేటలో సుజానా ప్లేస్‌కు వెళ్లండి. ఐర్లండ్ నుంచి వచ్చిన రైలీ దంపతులు 1844లో కట్టించిన నాలుగు చిన్న ఇళ్లు, మూలన ఒక కొట్టు. 1990 దాకా జనం కాపురం ఉన్నారు. నూరు కుటుంబాలకు పైగా ఆ నాలుగిళ్లలో మారాయి. ఇప్పుడది మ్యూజియం. పాత ఇంటిని మ్యూజియం చేస్తే సాధారణంగా రంగులేసి బొమ్మలా నిలబెడతారు. అక్కడ అలా చేయలేదు. గోడకు ఒకదాని మీద ఒకటి అతికించిన కాగితాలు, నేల మీద పొరలు పొరలుగా పరిచిన లినోలియం, పెరట్లో బట్టలు ఉడకబెట్టిన రాగి కాగు, అన్నీ చిరిగినవి చిరిగినట్టే, అరిగినవి అరిగినట్టే ఉంచారు. కోటలో కనబడని సంగతి అక్కడ కనబడుతుంది: ఎనిమిది మంది ఉన్న ఇంట్లో తడి బట్ట ఎక్కడ ఆరేసేవారో.

ఇరుకింటి_ఇల్లాలు
వెనక సందు కథ విన్నాక కరివేపాకు మొక్క అక్కడ నాటినందుకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు!

మొక్క అంటే గుర్తొచ్చింది. గొయ్యి తవ్వుతుంటే ఏవేవో బయటపడ్డాయి. తెల్లటి మట్టి చుట్టగొట్టం ముక్కలు, ఆల్చిప్పలు చాలా, ఇంకా ఒక ఆకుపచ్చ సీసా మెడ. మెడ మధ్యలో నొక్కు. చేతిలో తిప్పి చూసి మావారు ఒక్కసారిగా "ఇది గోలీ సోడా!" అన్నారు. నిజంగానే గోలీ ఆగే నొక్కు. వాళ్ల ఊళ్లో వేసవిలో బండి మీద అమ్మేవారట. ఆ ముక్కను కడిగి వంటింటి కిటికీలో పెట్టాను.

పాత_ఇటుక
అది కాడ్ సీసా. హైరం కాడ్ అనే ఇంగ్లీషువాడు 1870లలో పేటెంటు తీసుకున్న నమూనా. ఇక్కడి కూలీపేటల్లో నేల తవ్వితే తరచూ దొరుకుతుంది. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఎప్పుడో మాయమైపోయింది, మన దగ్గర మాత్రం ఇంకా కీచుమంటూనే ఉంది. అదీ ఉమ్మడి ఆస్తే అనుకోండి.

గానుగ_సున్నం
చరిత్ర పెద్దలు చెప్పారు, గోడ సంగతి నేను చెబుతాను. మా తాతగారు తూర్పు గోదావరిలో మేస్త్రీ. నేను ఇక్కడ పాత ఇళ్ల మరమ్మతు పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను.

పెచ్చులు ఊడిన చోట గోరుతో గీకి చూడండి. బూడిదరంగు గట్టి పొర తగిలితే అది సిమెంటు. మీకు ముందున్నవారిలో ఎవరో చెమ్మ కనబడకుండా ఉండాలని పూసి ఉంటారు. అదే అసలు జబ్బు. ఆ కాలపు ఇటుక మెత్తనిది, కట్టుబడి సున్నంతో చేసినది. నేలలో తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి పూతనూ ఇటుకనూ కలిపి పెళ్లగిస్తుంది. ఇక మీరు వేసిన ప్లాస్టిక్ రంగు గోడకు రెండో రెయిన్‌కోటు.

చేయాల్సింది ఇది. సిమెంటు పూతను చెమ్మ గీతకు ఒక అడుగు పై దాకా కొట్టేయించండి. తొందరపడి వెంటనే పూయించకండి, నెలల తరబడి ఆరనివ్వండి. ఈలోగా ఇంటి ముందు గోడ అడుగున ఇటుక జాలీలు ఉంటాయి, చెక్క నేల కిందికి గాలి పోవడానికి. వాటిని ఎవరో మట్టితోనో కాంక్రీటుతోనో పూడ్చేసి ఉంటారు, పందెం. తెరిపించండి. ఆ తర్వాత సున్నపు పూత. రంగు కూడా గోడను ఆరనిచ్చేదే ఉండాలి.

కిటికీల గురించి. అల్యూమినియం వద్దన్నవాళ్లు మీకు మేలే చేశారు. ఆ చెక్క చట్రం పక్కన లోపలి బోలులో తాడు, తాడుకు ఇనప గుండు ఉంటాయి. బిగుసుకున్నదానికి రంగు పేరుకుని ఉంటుంది, దడదడలాడేదానికి పక్క పట్టీ అరిగి ఉంటుంది. గట్టిగా పనిచేస్తే రెండు రోజుల పని.

ఇంకొక మాట. మీకు దొరికిన ఆల్చిప్పలు ఎవరో తిని పారేసినవే కావచ్చు. కానీ ఈ ఊరి తొలినాళ్లలో సున్నపురాయి దొరకలేదు. ఆదివాసులు వేల ఏళ్లుగా తిని కుప్పపోసిన గుల్లల దిబ్బలను తవ్వి కాల్చి సున్నం చేశారు. ఇప్పుడు ఆపెరా హౌస్ ఉన్న నేల కొనను ఒకప్పుడు సున్నం కాల్చేవాళ్ల కొన అనేవారు. మన కోస్తాలో గుల్ల సున్నం అంటామే, అదే. తేడా ఏమిటంటే ఇక్కడ కాల్చినది వేరేవాళ్ల చరిత్రను.

బ్లాక్‌టౌన్_బాబాయ్
సున్నం సంగతి బాగుంది. నేను మొదట వేళాకోళంగా రాశాను, ఇప్పుడు నిజంగానే అడుగుతున్నాను. కూలీల వారసత్వం అంటున్నారు. ఆ వరుసలో ఇప్పుడు ఒక్క కూలీ ఉన్నాడా? నేను బస్సు నడుపుతాను. తెల్లవారుజామున మూడున్నరకు లేచి నలభై కిలోమీటర్లు వచ్చి, ఆ వారసత్వ వీధుల్లోనే బస్సు తిప్పుతాను. అక్కడ ఒక గది అద్దెకు తీసుకునే స్తోమత నాకు లేదు. ఉన్నవాళ్లు లాయర్లు, డాక్టర్లు, మా చెల్లెమ్మ లాంటి కంప్యూటర్ ఉద్యోగులు. కూలీవాడి కిటికీని చట్టం పెట్టి కాపాడతారు, కూలీవాణ్ణి మాత్రం ఊరవతలికి పంపుతారు. ఇది వారసత్వమా, అలంకారమా?

ఇరుకింటి_ఇల్లాలు
బాబాయ్ గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. మా కుడిపక్క ఇంట్లో ఒక ముసలావిడ యాభై ఏళ్లకు పైగా అద్దెకు ఉంటున్నారు. వీధిలో అలా మిగిలింది ఆవిడొక్కరే.

పాత_ఇటుక
బాబాయ్ గారి కోపం సరైనదే, గురి మాత్రం కాస్త తప్పింది. ఈ ఇళ్లను మొదట కాపాడింది లాయర్లు కాదు, కూలీలే.

1900లో సిడ్నీకి ప్లేగు వచ్చింది. 303 మందికి సోకింది, 103 మంది పోయారు. ఆ పేరుతో ప్రభుత్వం ది రాక్స్, మిల్లర్స్ పాయింట్ ప్రాంతాలను మొత్తంగా స్వాధీనం చేసుకుని వీధులకు వీధులు పడగొట్టింది. రేవు కూలీల పేటలవి. తర్వాత హార్బర్ వంతెన కోసం మరికొన్ని పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పాడింగ్టన్‌ను కూడా మురికివాడ కింద జమకట్టి కూల్చాలనుకున్నారు. ఇవాళ అక్కడ ఇంటి ధర చూస్తే నవ్వొస్తుంది. 1970 నాటికి ది రాక్స్‌లో మిగిలినదాన్ని కూల్చి ఆకాశహర్మ్యాలు కట్టాలని పథకం సిద్ధమైంది.

అప్పుడు అక్కడి నివాసులు, ముందుండి నడిపినది నీటా మెక్రే అనే ఆవిడ, భవన నిర్మాణ కూలీల సంఘం దగ్గరికి వెళ్లారు. ఆ సంఘం న్యూ సౌత్ వేల్స్ శాఖ కార్యదర్శి జాక్ మండీ. కూల్చే పనీ కట్టే పనీ చేయాల్సింది ఆ సంఘం సభ్యులే. వాళ్లు చేసేది లేదన్నారు. 1971లో కెల్లీస్ బుష్ అనే చిన్న అడవి ముక్కతో మొదలైన ఆ పని నిషేధాలకు గ్రీన్ బ్యాన్ అని పేరు వచ్చింది. నాలుగేళ్లలో నలభైకి పైగా నిషేధాలు. ఆలోచించండి, కూలి దొరికే పనిని కూలివాళ్లే వద్దన్నారు. 1973 అక్టోబరులో సంఘంలో లేని కూలీలను పెట్టి ది రాక్స్‌లో కూల్చివేత మొదలుపెట్టిస్తే అడ్డం కూర్చుని అరెస్టయ్యారు. విక్టోరియా స్ట్రీట్ టెరేస్‌ల కోసం పోరాడిన పత్రికా సంపాదకురాలు జువానిటా నీల్సన్ 1975 జులై 4న ఒక సమావేశానికని వెళ్లి మాయమైంది. ఆమె శవం ఇప్పటికీ దొరకలేదు.

వాళ్లు అడిగింది ఇటుకల కోసం కాదు, ఇక్కడే ఉండనివ్వమని. కిటికీ చట్రం తర్వాతి మాట.

బ్లాక్‌టౌన్_బాబాయ్
ఇంతకీ ఉండనిచ్చారా?

పాత_ఇటుక
కొన్నాళ్లు. ఆ పోరాట ఫలితంగానే ది రాక్స్‌లో సిరియస్ అనే భవనం కట్టారు, 79 ప్రభుత్వ అద్దె ఇళ్లు. 2014 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం మిల్లర్స్ పాయింట్, ది రాక్స్ ప్రాంతాల్లో సిరియస్‌తో కలిపి 293 ప్రభుత్వ ఇళ్లను అమ్మేస్తామని ప్రకటించింది. తాతల నాటి నుంచి రేవు పని చేసినవాళ్ల పిల్లలు ఉన్న ఇళ్లవి. ఒక్కొక్కరినీ పంపించి ఇళ్లు అమ్మారు. సిరియస్ 2019లో అమ్ముడుపోయింది. గోడలన్నీ భద్రం, ఒక్క ఇటుక కదలలేదు. మీరు గెలిచారు బాబాయ్ గారూ.

వర్లీ_వాడు (ముంబై)
ఈ చర్చలో నాకేం పని అనుకుంటూ చదివాను, ప్లేగు మాట రాగానే ఆగలేకపోయాను. అదే ప్లేగు 1896లో బొంబాయికి వచ్చింది. ఆ దెబ్బకే 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టి, పాత పేటలు కూల్చి చాళ్లు, అంటే ఒంటి గదుల వరుసలున్న మేడలు, కట్టింది. అంబేద్కర్ గారు ఇరవై ఏళ్లకు పైగా పరేల్‌లో అలాంటి ఒక చాళ్‌లోనే కాపురం ఉన్నారు.

మాది ఆ తరవాతి తరం చాళ్. 1920లలో గవర్నర్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించినవి. మొత్తం 207 భవనాలు. వర్లీలో 121, తక్కినవి నాయగావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివడీలలో. మిల్లు కూలీల కోసమని కట్టారు. మా తాతయ్య నల్లగొండ వైపు నుంచి మగ్గం వదిలి మిల్లుకు వచ్చిన పద్మశాలి. మా మేడ మీద మరాఠీ ఎంతో తెలుగూ అంతే వినబడేది.

గది 160 చదరపు అడుగులు. అందులో తొమ్మిది మందిమి. నడవకు అటు పది గదులు, ఇటు పది గదులు. పగలు కూడా నడవలో లైటు వెలగాల్సిందే. పొద్దున బిందెల వరుస. వరుసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క, ఆ బిందెను జరిపినవాడి పని అయిపోయినట్టే. మూడు షిఫ్టుల మిల్లు కాబట్టి తాతయ్య పడుకున్న చాప మీద ఆయన లేచాక చిన్నాన్న పడుకునేవాడు. అమ్మ ఇప్పటికీ ఆ చాప ఎప్పుడూ చల్లారలేదు అంటుంది. 1982 జనవరిలో సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, మిల్లులే ముగిసిపోయాయి.

ఇప్పుడు ఆ చాళ్లను కూల్చి అక్కడే బహుళ అంతస్తులు కడుతున్నారు. ప్రతి కుటుంబానికీ 500 చదరపు అడుగుల ఇల్లు, ఉచితంగా. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 ఇళ్ల తాళాలు ఇచ్చారు. మా వంతు ఇంకా రాలేదు. మీ దగ్గర గోడలు ఉంచి మనుషులను పంపారు. మా దగ్గర మనుషులను ఉంచి గోడలు తీసేస్తున్నారు. నన్నడిగితే మాదే మేలు. వారసత్వం పేరుతో అమ్మను మళ్లీ ఆ ఉమ్మడి మరుగుదొడ్డి వరుసలో నిలబెడతానంటే ఊరుకోను.

పాత_ఇటుక
ఊరుకోకూడదు కూడా. కానీ వర్లీ గారూ, ఒక్కటి అడుగుతాను. గోడలన్నీ పోయాక, అక్కడ తెలుగు మగ్గాల వాళ్లు నూరేళ్లు బతికారని మీ మనవడికి ఏది చూపిస్తారు?

వర్లీ_వాడు (ముంబై)
నిన్న అమ్మను అదే అడిగాను. గది ఖాళీ చేసినప్పుడు తలుపు మీది నంబరు రేకు ఊడదీసి తెచ్చుకుందట, బియ్యం డబ్బాలో పెట్టింది. ఎందుకమ్మా అంటే, కొత్తింట్లో తలుపుకు కొడతానంది. అధికారులు ఒప్పుకోరు కదా అంటే, లోపలి వైపు కొడతానంది.

గ్లీబ్_గౌరి (సిడ్నీ)
గోడా మనిషీ ఇద్దరూ మిగిలిన చోటు ఒకటి ఉంది, మా పేట. గ్లీబ్‌లో చర్చి వాళ్లకు పెద్ద ఎస్టేటు ఉండేది, 700 దాకా చిన్న ఇళ్లు, కూలీలకు చవక అద్దె. చర్చి అమ్మకానికి పెడితే 1974లో అప్పటి ప్రధాని విట్లమ్ ప్రభుత్వం కొనేసింది, బాగు చేయించి ఉన్నవాళ్లనే ఉండనిచ్చింది. తరవాత రాష్ట్రం చేతికి వచ్చింది. అరుగుదలా అమ్మకాలూ లేకపోలేదు, అయినా మా వీధిలో పింఛనుదారులు, ఆసుపత్రి ఊడ్చేవాళ్లు ఇంకా అద్దెకు ఉన్నారు.

ఇక్కడి రెడ్‌ఫర్న్ పేట సంగతి ఎవరూ చెప్పలేదేం? 1973లో అదే ప్రభుత్వం ఇచ్చిన నిధులతో ఆదివాసులు తమ సొంత సంస్థ పెట్టుకుని టెరేస్‌లు కొన్నారు. ది బ్లాక్ అని పేరు. అక్కడ చివరికి పాత ఇళ్లు పడగొట్టేశారు, నేల మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. మీరంతా ఇటుకా మనిషా అని వాదించుకుంటున్నారు. నాకైతే దస్తావేజు ఎవరి పెట్టెలో ఉందన్నదే అసలు సంగతిగా కనబడుతోంది.

బ్లాక్‌టౌన్_బాబాయ్
గౌరి గారూ, ఇది ఒప్పుకున్నాను. నా బస్సు గ్లీబ్ మీదుగానే పోతుంది, ఈసారి చూస్తూ పోతాను. చూసీచూడనట్టు లెండి, ముందు సిగ్నల్ ఉంటుంది.

ఇరుకింటి_ఇల్లాలు
రెండు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. గానుగ సున్నం గారూ, పందెం మీదే. జాలీలు మూడూ కాంక్రీటుతో పూడ్చి ఉన్నాయి. తెరిపించాం. సిమెంటు కొట్టేశాక లోపలి ఇటుక లేత గులాబీ రంగులో ఉంది, ఒకదాని మీద బొటనవేలు ముద్ర. తడి ఇటుకను తీసినప్పుడు పడినట్టుంది. ఇంకా ఆరుతోంది. కిటికీ తాళ్లు మార్చాక ఒక్క వేలితో జరుగుతోంది, దడదడ లేదు.

పక్కింటి పెద్దావిడకు గోలీ సోడా సీసా చూపించాను. వెనక సందులో పిల్లలు గోలీ కోసం సీసాలు పగలగొట్టేవారని వాళ్లమ్మ చెప్పేదట. ఆవిడే ఇంకో మాట అన్నారు, శాండ్స్ డైరెక్టరీ అని పాత పుస్తకాలు ఉన్నాయని, ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరుండేవారో ఏటేటా అచ్చువేసేవారని. నగరపాలక సంస్థ పాత రికార్డుల విభాగం వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు, వెతికాను. మా నంబరు ఎదురుగా పదేళ్లలో ఆరు పేర్లు మారాయి. ఒక బాయిలర్ పనివాడు, ఒక వడ్రంగి, తర్వాత ఎవరో శ్రీమతి, పని రాయలేదు. 1890ల నడిమిలో ఒక ఏడాది మా నంబరే లేదు. పక్కవి రెండూ ఉన్నాయి. ఇల్లు ఖాళీగా పడి ఉందా?

పాత_ఇటుక
1858 నుంచి 1930ల మొదలు దాకా ఆ డైరెక్టరీ వచ్చింది. ఖాళీ ఇళ్లను చాలాసార్లు వదిలేసేవారు. అది మాంద్యం కాలం, అద్దె కట్టలేక రాత్రికి రాత్రి బండి కట్టుకుని పోయినవాళ్లు ఉండేవారు, కాబట్టి మీ ఊహ నిజం కావచ్చు. కానీ తొందరపడకండి. చాలా వీధుల్లో ఇంటి నంబర్లు మధ్యలో మార్చారు. నంబరును నమ్మకుండా మూల కొట్టు నుంచి ఇళ్లు లెక్కపెట్టుకుంటూ రండి. కొట్టువాడి పేరు పక్కన వ్యాపారం ఏమిటో రాసి ఉంటుంది, అది దారి చూపిస్తుంది.

ఇరుకింటి_ఇల్లాలు
మూల కొట్టు ఇప్పుడు కాఫీ హోటలు. సరే, రేపు అక్కడి నుంచి లెక్కపెడతాను. డిసెంబరులో అత్తయ్యగారు వస్తున్నారు, ముందు గదిలోనే పడక. అప్పటికి ఆ గోడ ఆరుతుందంటారా?

గానుగ_సున్నం
ఆరదు. పూత వేయకండి. మంచం గోడకు జానెడు ఎడంగా వేయండి.